మోచేతుల మేస్త్రి తప్పిన కొలత

జపాన్‌లో ఒక వీధి, అక్కడి వడ్రంగి మేస్త్రి పేరు నెమోతో. ఆయన మనిషి ముఖం చూడడు, మోచెయ్యి చూస్తాడు. ఎవరెదురైనా అందరికంటే కిందికి వంగి నమస్కరిస్తాడు. వినయం అనుకునేరు. వంగిన చోటునుంచే ఎదుటివాళ్ల మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో కంటితో కొలిచేస్తాడు. పోస్టుమాన్ పెళ్లిలో పెళ్లికూతురికి వంగి, "మీ కుడి మోచెయ్యి వేలెడు కిందికుందమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఆయన కనబడితే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

సుగాకో గారికి ఈమధ్య ఆ చూపంటే భయం పట్టుకుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా వీధి సంఘం సమావేశాల్లో ఎవరేమన్నారో చేత్తో రాసేది ఆవిడే. జపాను రాత కాబట్టి నిలువు వరుసలు, కుడి నుంచి ఎడమకి, ముత్యాల్లాంటి అక్షరాలు. చలికాలం నుంచి చెయ్యి వణుకుతోంది. అప్పుడే రాసిన వరుస మీద చెయ్యి పడి సిరా అలుక్కుపోతోంది. ఎవరైనా గమనిస్తే పుస్తకం లాగేసుకుంటారని ఆవిడ దిగులు. అధ్యక్షుడు హగివారా ఇప్పటికే, "మా మేనల్లుడు కంప్యూటర్లో టకటకా కొట్టేస్తాడండీ" అని రెండుసార్లు అన్నాడు.

మార్చి సమావేశంలో మేస్త్రి ఆవిడ ముందు వంగి, ఎంతకీ లేవలేదు.

"నడుం పట్టేసిందా మేస్త్రీ?" అన్నాడు హగివారా.

"ఈ హాల్లో బల్లలు బాగాలేవు. పన్నెండూ మార్చేస్తా."

"మేం అడిగామా?"

"మోచేతులు అడిగాయి."

ఏప్రిల్‌లో పన్నెండు పొట్టి బల్లలు దిగాయి. ఏటవాలు పలక, మోచేతికి గుంట. కాగితాన్ని తాకకుండా పైన ఒక చెక్క వంతెన, దాని గాడిలో పైకీ కిందికీ జారే మణికట్టు దిండు. ఎడంచేత్తో పిడి తిప్పితే కాగితమే ఒక వరుస కుడికి జరుగుతుంది. సుగాకో గారు ఒక వరుస రాసి, కలం ఆపి చూసింది. అక్షరం వణకలేదు. సిరా చెదరలేదు. ఒక్క మేకు కూడా కనబడని ఆ చెక్కలో తన పాత చెయ్యి తిరిగొచ్చింది.

మిగతా పదకొండు మందీ గుంటల్లో టీ కప్పులు పెట్టుకున్నారు. హగివారా దిండు మీద కమలాపండు ఎక్కించి ఊరేగించాడు.

"నా మోచెయ్యి ఇందులో పట్టడం లేదు," అన్నాడొకాయన.

"నాదీ అంతే."

"మోచేతుల మేస్త్రికే కొలత తప్పింది," అన్నాడు హగివారా సంబరంగా. "రాసుకోండి సుగాకో గారూ."

అందరూ వెళ్లాక బల్లలు సర్దుతూ ఆవిడ ఊరికే ఒకదాంట్లో మోచెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది. రెండోదీ పట్టింది. పన్నెండూ ఆవిడ కొలతే. ఏ మూల కూర్చున్నా, ఏ బల్ల చేతికొచ్చినా, ఈవిడకొక్కదానికే ఎందుకని అడిగేవాళ్లుండరు.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"పదకొండు మందికి తప్పిందట."

"వయసైపోయిందండీ. కళ్లు ఆనడం లేదు."

ఆవిడ ఆయనకంటే కిందికి వంగింది. చాలాసేపు లేవలేదు.

"మీ మోచెయ్యి వేలెడు కిందికుంది మేస్త్రీ," అంది.

మేస్త్రి చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ రోజు పుస్తకంలో చివరి వరుస ఇప్పటికీ ఉంది: 'నెమోతో మేస్త్రి బల్లలు చేశారు. కొలత ఎక్కడా తప్పలేదు.'