గోడలో ఇరుక్కున్న దయ్యం

2023లో నేను అమెరికాలో, నేపర్‌విల్ దగ్గర ఒక క్యాన్సర్ సెంటర్‌లో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. రేడియేషన్ ఎంత, ఎక్కడ, ఏ కోణంలో పడాలో లెక్కగట్టి సరిచూడటం నా పని. రోగులతో మాట్లాడే అవసరం తక్కువ. ఆ మార్చిలో మాత్రం, వచ్చింది తెలుగు కుటుంబమని రేడియేషన్ ఇచ్చే థెరపిస్ట్ నన్ను పిలిచింది.

పాప పేరు అన్వి, ఆరేళ్లు. మెదడులో కణితి తీసేశారు. ఆరు వారాల రేడియేషన్ మిగిలింది. తల కదలకుండా ముఖం మీద థర్మోప్లాస్టిక్ మాస్క్ బిగిస్తాం. వేడినీళ్లలో మెత్తబడి, ముఖం ఆకారంలో గట్టిపడే తెల్లటి ప్లాస్టిక్ వల అది. చికిత్సప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు. పిల్లలు కదులుతారనుకుంటే రోజూ మత్తు ఇస్తారు. మత్తంటే రోజూ ఖాళీ కడుపుతో రావాలి.

“పొద్దుగాల లేవంగనే దోశ అడుగుతది సార్,” అంది వాళ్లమ్మ సునీత. “ఆరు వారాలు ఎట్ల ఆపాలె?”

డాక్టర్ ఒక ప్రాక్టీస్‌కు ఒప్పుకున్నారు. రేడియేషన్ లేకుండా పది నిమిషాలు. కదలకపోతే మత్తు అక్కర్లేదు.

మాస్క్ చూడగానే అన్వి అమ్మ వెనక దాక్కుంది. కాసేపటికి తల బయటపెట్టి, “పొమోలా ఉంది,” అంది.

పొమో ఒక జపనీస్ కార్టూన్‌లో దయ్యం. దానికి ఎప్పుడూ ఆకలే. గోడల్లోంచి దూరబోయి ప్రతిసారీ మధ్యలో ఇరుక్కుంటుంది. నాలుగు ఎపిసోడ్లు చూసి దాని అలవాట్లు వరుసగా రాసుకున్నాను. తల సరిగ్గా పెట్టడానికి వాడే లేజర్ గుర్తులకు తగలకుండా మాస్క్ మీద దాని కళ్లు, పెద్ద నోరు పెయింట్ చేశాను.

తలుపు మూశాక బయటి నుంచి మైక్‌లో మాట్లాడతామని చెప్పాను. “అంకుల్, మైక్‌లో మీరే పొమో,” అంది అన్వి.

మర్నాడు తలుపు మూసి, రాసుకున్న పొమో మాటలు మైక్‌లో చదివాను. “ఇరుక్కుపోయాను. కాళ్లు అటు, కడుపు ఇటు. దోశ వాసన వస్తోంది. అది కాళ్లవైపు ఉంటే నా గతేంటి?”

కెమెరాలో పాప భుజాలు నవ్వుతో ఊగాయి. తల కొన్ని మిల్లీమీటర్లు జరిగింది. పిల్లల కోసం నేను వాడే చెక్‌లిస్ట్‌లో భయానికి తొమ్మిది జాగ్రత్తలున్నాయి. నవ్వుకు ఒక్కటీ లేదు.

డాక్టర్ మత్తు విభాగానికి ఫోన్ చేయబోయారు. సునీత పాప జాకెట్ జిప్ పైకి లాగింది.

“తప్పు నాది. ఈసారి మాట్లాడను,” అన్నాను.

“వద్దు. డోర్ క్లోజ్ చేస్తే నేనొక్కదాన్నే ఉంటా,” అంది అన్వి. “పొమో స్టక్ అయినప్పుడు నవ్వదు అంకుల్. బయటికి వచ్చినాక నవ్వుతది. నేను కూడా నవ్వు సేవ్ చేస్తా.”

ఆ మాట డాక్టర్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేసి, ఇంకొక్కసారి చూద్దామన్నారు.

అవే మాటలు మళ్లీ చదివాను. పది నిమిషాలూ తెర మీద తల కదలిక చూపే గీత కదల్లేదు.

మాస్క్ తీయగానే, “అయిపోయిందా?” అని అడిగింది. అవునన్నాక మొదలుపెట్టింది: కాళ్లకు ఒక నవ్వు, కడుపుకు ఒకటి, దోశకు అన్నిటికంటే పెద్దది. చెప్పిన వరుస తప్పకుండా. సునీత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆరు వారాలూ అన్వి దోశ తినే వచ్చింది. ఆఖరి రోజు మాస్క్‌ను చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది. పిల్లల కోసం నేను వాడే చెక్‌లిస్ట్‌లో ఇప్పుడు పదో వరుస ఉంది: తలుపు తెరుచుకున్నాక చేయడానికి వాళ్లకేదైనా మిగిల్చామా?