అరచెయ్యి కింద ప్రశ్నలు

మా పెద్ద టీచరమ్మ గారు పోయారన్న కబురు టీచర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. దానికి సరిగ్గా పైన, ఆ పొద్దున నేను పెట్టిన మోడల్ పేపరు ఉంది. కింద వరసగా దండం బొమ్మలు. అందులో ఆవిడకి ఎన్నో, నా పేపరుకి ఎన్నో పెట్టినవాళ్ళకే తెలియాలి.

గోదావరి పాయల మధ్య లంక ఊరి బడి మాది. ఐదో తరగతి రెండు సెక్షన్లలో ఒకటి ఆవిడది, ఇంకోటి నాది. ఏటా ఆ పిల్లలకి రాష్ట్రమంతటికీ ఒకటే పేపరుతో పరీక్ష పెడతారు. ఒక పేరా ఇస్తారు. అది చదివి, కింద ప్రశ్నలకి సరైన జవాబు పక్కనున్న సున్నా నింపాలి.

ఆవిడ ముందుగా ప్రశ్నల మీద అరచెయ్యి పెట్టించేవారు. "పైనుంచి కింద దాకా చదవండర్రా. అవతలివాళ్ళు చెప్పేది పూర్తిగా వినకుండానే జవాబు చెప్పేస్తారేటి?" అనేవారు. చెయ్యి తియ్యనివ్వకుండానే చదివిందంతా సొంత మాటల్లో చెప్పించేవారు. ఆవిడ సంచీలో ఎరువు బస్తా మీది రాతలు, మందుల చీటీలు, కరెంటాఫీసు నోటీసులు ఉండేవి. అవన్నీ పాఠాలే. ఒక్క పేరా దగ్గరే ఉండగా బడిగంట మోగేసేది, బల్ల మీద ఆవిడ టీ చల్లారిపోయేది.

నాకంత ఓపిక లేదు. "పేరా జోలికి పోకండి. ప్రశ్నలో మాట పైన ఎక్కడుందో వెతకండి, జవాబు దాని పక్కనే ఉంటుంది" అని నేర్పాను. రెండేళ్ళ కిందటి పరీక్షలో నా సెక్షను మండలంలో ముందు నిలిచింది. ఆవిడ పిల్లలు టైము చాలక సగం ప్రశ్నలు వదిలేశారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు మా అందరి ముందే, "రిటైరైపోతున్నానని పిల్లల్ని గాలికొదిలేసేరా అమ్మా?" అన్నాడు.

"లేదండీ. రాసినకాడికి ఒక్క తప్పూ లేదండి, ఒకసారి చూడండి" అన్నారావిడ.

ఎవరూ చూడలేదు. ఆ పిల్లల జవాబు కాగితాలు నా చేతికి అందే దూరంలోనే ఉన్నాయి, నేనూ చూడలేదు. మర్నాటి నుంచి ఆవిడ సెక్షను కూడా నాకే ఇచ్చి, ఆవిడని ఒకటో తరగతికి పంపారు. హాజరు పట్టీ అందిస్తూ, "పరీక్ష ఒక్క పూటేనండి మాస్టారూ. కాగితాలు బతికినన్నాళ్ళూ వస్తానే ఉంటాయండి" అన్నారు. ఫోను చూసుకుంటూ "ఆయ్" అన్నాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద, అప్పట్లో నా సెక్షనులో ఫస్టు వచ్చిన పిల్ల కూర్చుని ఉంది. ఇప్పుడు ఏడు చదువుతోంది. టీచరమ్మ గారి భర్త నన్ను లోపలికి తీసుకెళ్ళి చెప్పారు. ఆ పిల్ల పరీక్ష రాసిన వేసవిలోనే, చదువురాని వాళ్ళమ్మ కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిందట. ఏజెంటు ఇచ్చిన తెలుగు కాగితం కూతురికిచ్చి, సెలవు ఇస్తారో లేదో చూడమందట. పిల్ల నేను నేర్పినట్టే ఆ మాట కోసం వెతికింది. కనబడగానే "ఉందమ్మా" అంది. తల్లి వేలిముద్ర వేసేసింది. ఆ వాక్యం మొత్తం ఇదీ: మూడేళ్ళు నిండేవరకు ఏ కారణానికీ సెలవు అడగరాదు. నిరుడు అమ్మమ్మ పోతే ఆ తల్లి కడసారి చూపుకైనా రాలేకపోయింది.

"ఈ పిల్ల ఏడుస్తా వచ్చిందండి. అప్పట్నించీ రోజూ సాయంత్రం కూర్చోబెట్టి మొదట్నుంచీ చదివించింది మా ఆవిడ. మీతో మట్టుకు అనొద్దందండి, బాధపడతారని."

ఆవిడ నన్ను నలుగురిలో కడిగేసినా ఇంత బాధ ఉండేది కాదు.

మేం మళ్ళీ అరుగు మీదకొచ్చేసరికి అమలాపురం ప్రెస్సు నుంచి పెద్దకర్మ కార్డు నమూనా వచ్చింది. "తప్పులున్నాయేమో చూడండి మాస్టారూ" అని ఆయన నా చేతికిచ్చారు. ఆవిడ పేరు వెతికాను, తేదీ వెతికాను. రెండూ దొరికాయి. "సరిపోయిందండి" అన్నాను.

"ఒకసారి ఇలా ఇవ్వండి మాస్టారండీ" అని ఆ పిల్ల కార్డు తీసుకుంది. మోకాళ్ళ మీద పరుచుకుని, మొదటి వరస వదిలి మిగిలినదంతా అరచేత్తో మూసింది. ఒక్కో వరసా చదువుతూ చెయ్యి కిందకి జరుపుకుంటోంది. నా వైపు చూడలేదు. నేను అక్కడే నిలబడ్డాను. చెయ్యి ఇంకా కార్డు సగం దగ్గరే ఉంది.