చేపల మెనిక కాలు

మా ఫ్లోరెన్సులో ఆర్నో నదికి అవతలి ఒడ్డున, నా పటాల చట్రాల దుకాణం పక్కనే చిత్రకారుడు అవెరార్దో ఇల్లు. అతని భార్య డియనోరా. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో రంగులు నూరిందీ, జిగురు కాచిందీ ఆమే. పటానికి మరియమ్మ కావలసి వచ్చినా, మరో పునీతురాలు కావలసి వచ్చినా మెడ వంచి నిలబడిందీ ఆమే. కూలికి మనిషిని నిలబెట్టుకునే స్తోమత అతనికి లేదు.

"సగం చర్చిల్లో నా మొహమే అన్నయ్యా, మోకరిల్లాలంటే నాకే సిగ్గు" అని నవ్వేది.

ఆ ఏడు ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలంలో గది ఊడుస్తుంటే ఆమెకొక కాగితం దొరికింది. ఎర్రసుద్దతో గీసిన బొమ్మ. ఒక ఆడమనిషి బోర్లించిన బుట్ట మీద కూర్చుని, పాదం మోకాలి మీద పెట్టుకుని, వంగి ముల్లు తీసుకుంటోంది. జుట్టుకు గుడ్డ, జారిన చొక్కా. అంతా కలిపి ఇరవై గీతలుండవు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. ఎవడో పోగు లాక్కుపోతే తెగిన చెవి అది, వంతెన దగ్గర చేపలమ్మే మెనికది.

"ఏమయ్యా, ఇదేంటి?"

"ఏదే? అదా! చేపలావిడ. కాల్లో ముల్లు దిగినట్టుంది."

"రమ్మని పిలిచిందా?"

"నేను గీసినట్టే ఆమెకు తెలీదు. ముందు ఆ జిగురు చూడు, అడుగంటుతోంది."

జిగురు మాడిపోయింది. పదిహేనేళ్లలో ఆయన తనకు చెప్పినవన్నీ డియనోరాకు గుర్తొచ్చాయి. గడ్డం ఎత్తు, వేలు మడుచు, కదలకు. ఈ మెనికకు ఆయన ఏమీ చెప్పలేదు. ఊరికే చూశాడు.

మర్నాటి నుంచి రోజూ వంతెన దగ్గరికి పోయి మలుగు చేప కొనడం మొదలుపెట్టింది. మెనిక చేతులు, నడుము, నవ్వు, అన్నీ చూసి వచ్చి నా దుకాణంలో కూలబడేది.

"దానికన్నా నా నడుము తీసిపోయిందా? నిజం చెప్పు అన్నయ్యా."

నేను ఉలి నూరుకుంటూ కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు.

అయిదో రోజు మెనిక ఎదుటే చింపెయ్యాలని కాగితం పట్టుకుపోయింది. మెనిక చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది.

"అయ్యో, మా అమ్మ!" అంది. మళ్లీ చూసి, "కాదు, నేనే. నేనిట్లా కూర్చుంటానా? అచ్చం అమ్మలాగే వంగాను. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది, మొహం కూడా గుర్తులేదు. అక్కా, ఇది నాకిచ్చెయ్యవూ?"

"నీకెందుకే!" అని లాక్కుని వచ్చేసింది డియనోరా. చింపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నమే బుట్ట బోర్లించి, కాలు మోకాలి మీద పెట్టుకుని మొగుడి ముందు కూర్చుంది. "గియ్యి."

మూడు కాగితాలు పాడుచేసి అవెరార్దో సుద్ద కింద పెట్టాడు. "ఎట్లా కూర్చోవాలో నీకు మరీ బాగా తెలుసే. అదే చిక్కు. నేనిక్కడున్నానన్న సంగతి మర్చిపో."

"మర్చిపోకుండా పదిహేనేళ్లు నిలబెట్టింది ఎవరు?"

డియనోరా ఆ మెనిక బొమ్మను మూటలో పెట్టుకుని, పక్క ఊరు ప్రాతోలో ఉన్న చెల్లెలింటికి వెళ్లిపోయింది.

అవెరార్దోకు అప్పుడే మగ్దలేనే మరియ పటం గీసే పని వచ్చింది. ఆ ముల్లు తీసుకునే తీరే పటంలో పెట్టాలని మెనికనే పిలిచి కూర్చోబెట్టి గీశాడు. కుదరలేదు. మూడు వారాలు చూసి ప్రాతో పోయి, పెళ్లాం ముందు నిలబడ్డాడు.

"మెనిక ఈసారి తల దువ్వుకుని, కొత్త రుమాలు కట్టుకుని గుంజలా కూర్చుందే. కాలు కూడా కడుక్కొచ్చింది!"

డియనోరా పకపకా నవ్వింది. నవ్వాక ఏడ్చింది. తర్వాత మూటలోంచి కాగితం తీసింది.

"ఇస్తాను. మొహం మాత్రం నాది పెట్టాలి."

ఆ పటానికి చట్రం చేసింది నేనే. ఆ పునీతురాలి పండుగ నాడు చర్చిలో నిలబెడితే, మెనిక తన వాళ్లందరినీ వెంటేసుకుని వచ్చి, "అదుగో నా కాలు!" అని చూపించింది.

"మొహం ఎవరిదో కూడా చూడండి" అంది డియనోరా గట్టిగా.

ఒకరిద్దరు మర్యాదకు తలెత్తారు. మళ్లీ అందరి కళ్లూ ఆ పాదం మీదికే దిగాయి. నిజం చెప్పొద్దూ, నావీ.

మర్నాడే డియనోరా ఆ ఎర్రసుద్ద బొమ్మను తీసుకుపోయి మెనిక చేతుల్లో పెట్టింది. అంత పెద్ద మనసు ఎట్లా వచ్చిందమ్మా అని అడిగాను.

"మనసూ లేదు, మన్నూ లేదు. ఇంట్లో ఉంటే ఆయన మళ్లీ మళ్లీ చూస్తాడు" అంది.

దాన్ని గుండెకు హత్తుకుని మెనిక ఏడ్చిందట. డియనోరా మాత్రం ఆనాటి నుంచి చేపలు నదికి ఎగువనున్న ఇంకో వంతెన దగ్గర కొంటోంది.