అనంతరామయ్య గారూ, రెండో కంప్యూటరూ

అనంతరామయ్య గారింట్లో ఏ వస్తువూ రెండుండకూడదు. అదొక్కటే ఆయన పట్టుదల. పట్టుదలల్లో కూడా రెండోది పెట్టుకోలేదు. మిగతా విషయాల్లో ఆయనంత మెత్తని మనిషిని అమెరికాలో మా ఊరు పార్సిప్పనీలో నేను చూడలేదు. కానీ ఎవరింట్లోనైనా ఒకే రకం వస్తువు రెండు కనబడ్డాయో, ఇక ఆగలేరు. చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతో మర్యాదగా అడుగుతారు: "రెండెందుకండీ?"

ఆయన మా ఎదురు బిల్డింగ్‌లో ఉంటారు. సాయంత్రాలు దగ్గర్లోని కాలేజీలో లెక్కలు చెబుతారు. వాళ్ళింట్లో గొడుగు ఒకటి, కత్తెర ఒకటి, కుక్కరు ఒకటి, కారు ఒకటి. కత్తెర వారానికోసారి కనబడకుండా పోతుంది. ఇంకోటి కొనొచ్చు కదా అంటే, రెండుంటే రెండూ పోతాయి, వెతుకులాట రెట్టింపవుతుంది అంటారు. వాన పడిన రోజున దంపతులిద్దరూ ఒకే గొడుగు కింద గుడికి వస్తారు. "చూసినవాళ్ళు ఎంత అన్యోన్యమో అనుకుంటారు ఉమా. ఎడమ వైపంతా తడిసేది నేను," అని రత్నం వదిన కొంగు పిండుకుంటూ చెప్పేది.

మావారు ఫణి రెండో కారు కొన్నప్పుడు ఆయన ప్రత్యేకంగా చూడ్డానికి వచ్చారు. కారు చుట్టూ ప్రదక్షిణం చేశారు. బాగుందన్నారు. తర్వాత తన ప్రశ్న అడిగారు. నా ఆఫీసు ఉత్తరం వైపు, ఉమ పనిచేసే బడి దక్షిణం వైపు, ఏం చేయమంటారు అన్నారు మావారు. ఆయన కాసేపు ఆలోచించి, ఉద్యోగాలు వెతుక్కునేటప్పుడే ఆ దిక్కులేవో చూసుకోవలసింది అన్నారు. కోపం రావలసిన మాటే. కానీ ఆ చెప్పడంలో ఎంత విచారం ఉందంటే, మావారు తప్పు చేసినవాడిలా తల దించుకున్నారు.

ఒక శుక్రవారం మా ఇంట్లో పూజకి వచ్చి, స్వామి ముందు వెలుగుతున్న రెండు కుందుల వంక చాలాసేపు చూశారు. అడగకుండా ఉందామని పాపం ప్రయత్నం చేశారు కూడా. చివరికి, "అమ్మా, దేవుడికి ఒక దీపం వెలుతురు చాలదా?" అన్నారు.

"ఆయనకి చాలు అన్నయ్య గారూ. రెండోది మీరొస్తే అడగడానికి ఏమైనా ఉండాలని పెట్టాను," అన్నాను.

హాయిగా నవ్వేశారు. చక్రపొంగలికి మాత్రం రెండోసారి చెయ్యి చాపారు. నేనేమీ అడగలేదు.

అలాంటి ఇంటికి ఈ జనవరిలో ఒక ట్యాబ్లెట్ వచ్చింది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటున్న వాళ్ళమ్మాయి నీహారిక నాన్నకి అరవయ్యో పుట్టినరోజని పంపింది. ఆయన దగ్గర అప్పటికే పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. అంటే ఆ ఇంట్లో కంప్యూటర్ లాంటివి రెండయ్యాయి. ఆ సాయంత్రం ఆయన భోజనం సరిగ్గా చేయలేదట.

మర్నాటి నుంచీ స్టడీ మొదలైంది. ఆ పేరు ఆయన పెట్టిందే. నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి ఒకవైపు ట్యాబ్లెట్, ఒకవైపు ల్యాప్‌టాప్ అని రాశారు. పడుకుని పేపర్ చదవడం ట్యాబ్లెట్ వైపు వెళ్ళింది. ప్రశ్నపత్రం తయారుచేయడం ల్యాప్‌టాప్ వైపు. నీహారికతో వీడియో మాట్లాడటం రెండు వైపులా. కునుకు పట్టడం కూడా రెండు వైపులా. ఇంటి గీతలు చాలక ఊరి మీద పడ్డారు. మీకు రెండూ ఉన్నాయా, రెండూ వాడతారా, ఒకటి తీసేస్తే ఏమవుతుంది అని కనబడ్డ ప్రతివారినీ అడగడమే. ఆఖరికి గుళ్ళో అర్చన వరుసలో నిలబడి, ట్యాబ్లెట్‌లో గోత్రనామాలు చూసి చదువుతున్న పూజారి గారిని కూడా అడిగారు. వెనక ముప్పై మంది ఉన్నారు. పూజారి గారు ఓపిగ్గా, తనకి అదొక్కటే ఉందని చెప్పాక గానీ వరుస కదల్లేదు.

అయిదో రోజున తీర్పు వచ్చింది. ల్యాప్‌టాప్ ఉంటుంది, ట్యాబ్లెట్ వెనక్కి వెళ్తుంది. నీహారిక నొచ్చుకుంటుందని రత్నం వదిన అంటే, ముందుగానే ఫోన్ చేసి చెప్పి, ఆ పిల్ల చేత సరే అనిపించుకున్నారు. ట్యాబ్లెట్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టి, చీటీ అంటించి, గురువారం మధ్యాహ్నం పార్సిల్ పంపే కొట్టుకి బయల్దేరారు. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ వెళ్ళిన మనిషి వెళ్ళినట్టే పెట్టెతో తిరిగొచ్చారు. ఏమైందని అడిగితే, "స్టడీ ఇంకా పూర్తి కాలేదు," అన్నారట. వదిన ఆ సంగతి నాకు ఫోన్‌లో చెప్పి, ఈ మనిషితో నేనింక వేగలేనని నిట్టూర్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా భవిత ఉద్యోగం పోయింది.

భవిత కరీంనగర్ పిల్ల. మా పై అంతస్తులో రష్మి అనే అమ్మాయితో కలిసి ఉంటుంది. శనివారాలు గుడి వంటశాలలో నా పక్కన నిలబడి కూరలు తరుగుతుంది. ఆ శనివారం కొత్తిమీర కట్ట తీసి, మామూలు కబురు చెప్పినట్టు చెప్పింది. మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో ఉద్యోగం తీసేశారు. వెంటనే ఖాళీ పెట్టె ఒకటి పంపి, ఆఫీసు ల్యాప్‌టాప్ అందులో పెట్టి తిప్పి పంపమన్నారు. పంపేసింది. వీసా లెక్క ప్రకారం అరవై రోజుల్లోగా ఇంకో కంపెనీ ఆమెని తీసుకుని కాగితాలు వేయాలి. లేకపోతే సామాను సర్దుకుని వెళ్ళిపోవాలి. ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పలేదు. మీరూ ఎవరికీ చెప్పకండి ఆంటీ అంది.

ఇంటర్వ్యూలు ఎలా ఇస్తున్నావంటే, ఫోన్‌లో అంది. ప్రోగ్రామ్ రాసి చూపించమంటే లైబ్రరీకి పోతోందట. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. ఇంటర్వ్యూలో రాస్తూ మాట్లాడాలి. సొంత కంప్యూటర్ లేదా అని ఆశ్చర్యంగా అడిగాను.

"దేనికాంటీ, మూడేండ్ల సంది ఆఫీస్‌ది ఉండె కదా."

ఇంటికొచ్చి చూస్తే మా పరిస్థితీ అంతే. మావారి ల్యాప్‌టాప్ ఆఫీసుది, రష్మిది ఆఫీసుది, వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. పొద్దస్తమానం కంప్యూటర్లతో బతికే మనవాళ్ళ ఇళ్ళల్లో, తమదంటూ ఒక్క కంప్యూటర్ ఉండదు. నేను కొనిస్తానంటే భవిత వినిపించుకోనట్టు ఇంకో కొత్తిమీర కట్ట అందుకుంది. నువ్వే కొనుక్కో అంటే, ఉండేదీ పోయేదీ తెలిశాక కొంటానంది. ఆ రాత్రి స్వామికి దణ్ణం పెట్టుకుంటూ, ఆ పిల్లకి ఏదో ఒక దారి చూపించు తండ్రీ అన్నాను.

మర్నాడు గుడి హాల్లో నేనూ భవితా ప్రసాదం తింటుంటే అనంతరామయ్య గారు మా దగ్గరికొచ్చారు. చంకలో ల్యాప్‌టాప్ బ్యాగు.

"అమ్మా భవితా, నాకొక సాయం చేయాలి."

"చెప్పండంకుల్."

"మా ఇంట్లో ఇప్పుడివి రెండున్నాయి. రెండూ కావాలా అక్కర్లేదా తేలడం లేదు. ట్యాబ్లెట్ ఒక్కదాంతో బతికి చూద్దామంటే, ఇది ఎదురుగా ఉంటే చెయ్యి దీనిమీదికే పోతోంది. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచాలి."

"సరే అంకుల్, అల్మారాల పెడతా."

"అల్మారాలో పెడితే స్టడీ ఎలా అవుతుంది? రోజూ వాడాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడాలి. ఆదివారం ఆదివారం నాకొక పేజీ రాసివ్వాలి. ఏమేం పనులు చేశావు, అవే పనులు ట్యాబ్లెట్ మీద కుదిరేవా అని."

ఆ పిల్ల ఆ వారంలో మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది. నేను నిన్న రాత్రి అడిగాను, ఇవాళ పొద్దున స్వామి ఈయన పిచ్చిని అడ్డం పెట్టుకుని పంపించాడు. గర్భగుడి వైపు తిరిగి చెంపలేసుకున్నాను.

ఇక అనంతరామయ్య గారి ట్యాబ్లెట్ కాపురం చూసి నవ్వని వాళ్ళు లేరు. దాన్ని కందిపప్పు డబ్బాకి ఆనించి, ఒక్క వేలితో టైపు చేసేవారు. అది ఏ పక్కకి ఒరిగితే తెర ఆ పక్కకి తిరిగేది. దానితోపాటు ఆయన మెడా తిరిగేది. ఒక ప్రశ్నపత్రానికి మూడు సాయంత్రాలు పట్టింది. వేలితో గీసిన సరళరేఖ పాములా వచ్చింది. క్లాసులో సగం మంది దాన్ని వంపురేఖ అనుకుని లెక్క చేశారు. ఆయన వాళ్ళకీ మార్కులు వేశారు.

రోజూ సాయంత్రం భవితకి ఫోన్ చేసేవారు. ఓసారి ఆ పిల్ల మా వంటింట్లో ఉండగా ఆ ఫోన్ వచ్చింది. ఆయన ఎలా ఉన్నావని అడగలేదు. "ల్యాప్‌టాప్ ఎలా ఉంది?" అన్నారు.

"ఇయ్యాల కొంచెం డల్‌గ ఉందంకుల్."

"ఏమైంది?"

"ఒక దగ్గర మూడో రౌండ్ దాకా పోయి ఆగిపోయింది."

"రేప్పొద్దున మళ్ళీ ఆన్ చెయ్యి. ఆన్ అవుతుంది."

మనిషిని పలకరించాలన్న ధ్యాసే లేదే ఈయనకి అనుకున్నాను. నలభయ్యో రోజుకి నా ఓపిక అయిపోయింది. అప్పటికి మూడు చోట్ల కాదన్నారు. భవిత చిక్కి సగమైంది. ఆ ఆదివారం కూడా ఆయన పేజీ అడిగి తీసుకున్నారు. పైగా మూడో వాక్యం అర్థం కాలేదు, వివరంగా రాయమన్నారు. నేను తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లేరు. రత్నం వదిన మీద పడ్డాను. అవతల పిల్ల బతుకు తేలకుండా ఉంటే ఈ పేజీలేమిటి, ఆయనకి మీరైనా చెప్పొద్దా అన్నాను.

వదిన స్టవ్ కట్టేసి, నన్ను కూర్చోబెట్టింది. నెలరోజులుగా మొగుడి మీద విసుక్కుంటున్న తనకే మొన్న తెలిసిందని చెప్పింది. ఆ గురువారం పార్సిల్ కొట్టులో ఆయన ముందు వరుసలో నిలబడింది భవితేనట. ఆమె చేతిలోనూ ఒక పెట్టె. ఆయన అలవాటు కొద్దీ, నువ్వూ తిప్పి పంపిస్తున్నావా అన్నారట. అవునంకుల్, ఆఫీస్‌ది అని నవ్విందట. నవ్వి, పెట్టె కౌంటర్ మీద పెట్టి, దాన్నుంచి చెయ్యి తీయడానికి ఒక్క క్షణం ఆగిందట. అంతే. ఈయన వరుసలోంచి బయటికొచ్చేశారు.

"ఊరికే ఇస్తే పుచ్చుకోదు రత్నం, నా దగ్గర రెండుంటేనే కదా ఒకటి ఎక్కువైందని చెప్పగలను అన్నారు," అంది వదిన. "ఈ ముప్పై నాలుగేళ్ళలో నాకోసం రెండో కత్తెర కొనని మనిషి."

అదే వారం కాలేజీలో పరీక్ష మార్కులు పంపాలి. ఆ ఫారం ట్యాబ్లెట్‌లో తెరుచుకోదు. ఒక్క గంట ల్యాప్‌టాప్ తెచ్చుకోండి అంది వదిన. ఆరోజు ఆ పిల్లకి నాలుగు గంటల సేపు ఇంటర్వ్యూ ఉందని, ఆయన మంచులో కారు తోలుకుంటూ కాలేజీకి వెళ్ళి, అక్కడి ల్యాబ్‌లో కూర్చుని పంపి వచ్చారు. వచ్చాక రెండు రోజులు తుమ్మారు. నేను మిరియాల కషాయం పట్టుకెళ్ళి ఇచ్చాను. ఎందుకో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

యాభై ఆరో రోజున ఆ నాలుగు గంటల ఇంటర్వ్యూ వాళ్ళే భవితని తీసుకున్నారు. యాభై ఎనిమిదో రోజున వీసా కాగితాలు దాఖలయ్యాయి. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్ తుడిచి, బ్యాగులో పెట్టి, ఆఖరి పేజీతో సహా తెచ్చిచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన పేజీ అంతా చదివి, ఫైలులో పెట్టుకున్నారు.

"అంకుల్, ఒకటడగాలె," అంది భవిత. "మొదటి రోజు తెరిచినప్పుడు అండ్ల మీ ఫైలు ఒక్కటి లేదు. తెర మీద నా పేరుండె. అది కూడా స్టడీ కోసమేనా?"

అనంతరామయ్య గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పేరు సరిగ్గానే పడిందా?" అన్నారు.

"పడిందంకుల్."

అంటే ఈ పిల్లకి మొదటి రోజే తెలుసు. తెలిసీ ఏడు ఆదివారాలు ఆయన కోసం బుద్ధిగా పేజీలు రాసింది. ఇద్దరూ ఒకరినొకరు అంత మర్యాదగా మోసం చేసుకుంటుంటే, మధ్యలో నేను చెంపలేసుకున్నాను. అయినా ఆ చెంపలు వృథా అనుకోను. స్వామి ఎవరినో ఒకరిని పంపాలి కదా.

"కొత్త ఆఫీసు వాళ్ళు ల్యాప్‌టాప్ ఇస్తున్నారా?" అని ఆయన మాట మార్చారు.

"సోమవారం వస్తదంకుల్."

"మంచిది. అయితే ఈ శనివారమే వెళ్ళి నువ్వింకోటి కొనుక్కో."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. రత్నం వదిన గుమ్మంలోకి వచ్చి, "ఏమన్నారూ?" అంది. భవిత నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇంకోటా అంకుల్?"

"ఆఫీసుది ఆఫీసుదేనమ్మా. వాళ్ళు అడిగిన రోజున ఇచ్చేయాలి. నీదంటూ ఒకటుండాలి," అన్నారాయన.

తన నోటివెంట వచ్చిన మాట ఆయన చెవికే కొత్తగా వినిపించినట్టుంది. కుర్చీలో కొంచెం ఇబ్బందిగా కదిలారు. మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూశారు.

"బ్యాగు మాత్రం ఒక్కటే," అన్నారు గట్టిగా. "రెండూ పట్టేది చూసి కొను."