ఆకు కత్తెర

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. అమ్మను సాగనంపడానికి వెళ్లిన రోజు నా భుజానికున్న సంచిలో బట్టలన్నీ సర్దుకున్నాను. ఆమెతోపాటు మా ఊరు ఎల్లారెడ్డికి వెళ్లిపోదామని.

అప్పటికి ఏడాదిగా హైదరాబాదులో మెట్రో స్టేషన్ పక్కనున్న హాస్టల్లో ఉంటున్నాను. మా గది కిటికీ సరిగ్గా పట్టాల ఎత్తులో ఉంటుంది. రైలు ఆగితే అందులో నిల్చున్నవాళ్ల చూపులు మా మంచాల మీదే పడతాయి. అందుకని కిటికీకి దుప్పటి కట్టి, సెలవు రోజు పగలు కూడా లైటు వేసుకుని చదువుకునేదాన్ని. కింద రోడ్డు మీద ఎండ పడదు. ఎవరైనా అడ్రసు అడిగితే పిల్లర్ నంబరు చెప్పాలి. ఆ పిల్లర్ నిండా హాస్టల్ ఖాళీల కాగితాలే. నా ఉద్యోగం ఫోన్లో మాట్లాడటం. నలుగురిలో నోరు పెగలని నేను పొద్దంతా ముక్కూమొహం తెలియనివాళ్ల తిట్లు విని ‘సారీ సార్’ అనాలి.

మా అమ్మను ఇంట్లో అవ్వ అంటాం. ఆమె నగరంలో చుట్టాలింట్లో తొట్టెలకు, పసిపాపను ఉయ్యాలలో వేసే వేడుకకు, వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు నేను రోజూ ఎక్కే రైలు ఎక్కుతానంది. కామారెడ్డి బస్సులుండే బస్టాండు దాకా అందులోనే పోవచ్చు. పక్కపక్కన కూర్చుంటే మొహం చూడకుండా చెప్పెయ్యొచ్చనుకున్నాను, ఇక్కడ నావల్ల కావడం లేదు, ఇంటికొస్తానని.

స్టేషన్ మెట్లెక్కాం. సంచులు తనిఖీ చేసే చోట అవ్వ సంచిని ఆపేశారు. మర్నాడు కార్ఖానాలో బీడీలు అప్పగించాలని ఆమె చాట, ఆకు, తంబాకు, కత్తెర వెంట తెచ్చుకుంది. నాకు తట్టనే లేదు. మా ఇంట్లో అవి ఎప్పుడూ అవ్వ ఒళ్లోనే ఉంటాయి.

“కత్తెర లోపలికి రానియ్యరు అవ్వా,” అంది తనిఖీ చేసే అమ్మాయి.

“గిది ఆకు కోసేది బిడ్డా. దీనితోని ఎవల్ని పొడుస్త?”

“నువ్వు పొడవవు గని, రూలు. తంబాకు గూడ వద్దు. ఏంది, దుకాణమే తెచ్చినవా?”

“దుకాణముంటే ఆకెందుకు కోస్త, గల్ల మీద కూసుందు.”

వెనక క్యూలో ఎవరో నవ్వారు. నేను తల దించుకున్నాను. కత్తెర బయట వదిలి రమ్మంటే అవ్వ ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఆమె బొటనవేలికి అలవాటైన కత్తెర అది. “పోనీ, సిటీ బస్సుల పోత,” అని మెట్లు దిగింది.

స్టేషన్ కింద బస్టాపులో కూర్చున్నాం. పైన రైళ్లు పోతున్నాయి. బస్సు వచ్చేలోపు నాలుగు బీడీలు చేసుకుంటానని అవ్వ చాట ఒళ్లో పెట్టుకుంది. నా సంచి వైపు చూసి, “గంత బరువు ఏం మోస్తున్నవే?” అంది.

“పుస్తకాలు.”

చాటలోంచి ఒక ఆకు తీసుకున్నాను. తంబాకు పోసి చుట్టి, మూతి మలిచాను. చిన్నప్పుడు చూసి నేర్చుకున్నదే, చేతులు మరిచిపోలేదు.

“ఇంటికొస్తే ఇద్దరం కలిసి చేసుకోవచ్చు గద అవ్వా,” అన్నాను, నవ్వులాటకన్నట్టు.

అవ్వ నవ్వలేదు. నేను చుట్టిన బీడీని విప్పి, ఆకు పక్కన పడేసింది.

“మన వాడల ఆడపిల్లలకు నిన్ను జూపెట్టి చదువుకోమంటున్న. నువ్వొచ్చి నా పక్కన కూసుంటే వాళ్లకేం జెప్పాలె?”

ఆమె చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. బస్సొచ్చింది. చాట సంచిలో పెట్టుకుని ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరికింది. నేను కింద నిలబడి, ఇప్పుడైనా చెప్దామని నోరు తెరిచాను. అవ్వ కిటికీలోంచి చెయ్యి చాచి నా చెంప నిమిరింది.

“పో బిడ్డా, డ్యూటీకి ఆలస్యమైతది.”