ముక్కక్క పిన్ని కూతుళ్ళు

వాసన చూడనిదే ముక్కక్క ఏ పనీ చేయదు. టీ ఇస్తే వాసన చూస్తుంది. ఫైలు ఇస్తే వాసన చూస్తుంది. మంత్రిగా ప్రమాణం చేసేముందు మైకుని కూడా వాసన చూసిందంటే ఇంకేం చెప్పాలి! రంగుల ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, యూనియన్ నడిపి, జైలుకెళ్ళొచ్చి, కార్మిక మంత్రి అయిన మనిషి. పేపర్లవాళ్ళు ఆవిడ ముక్కుని ఏనుగు తొండమంత చేసి బొమ్మలు వేసేవారు. ఆవిడ కిసుక్కున నవ్వి, ఆ పేపరుని కూడా వాసన చూసేది.

పీఏకి మాత్రం నవ్వొచ్చేది కాదు. రోజంతా ఆవిడ వెనక తిరగాల్సింది అతనే మరి. దానికి తోడు ఆవిడకి చుట్టాల పిచ్చి ఒకటి. ఏదైనా ఫ్యాక్టరీ తనిఖీకి బయల్దేరే ముందు వంటింటి గుమ్మంలోంచి ఎవరో ఒకరు దూరేవారు. తలుపేసుకుని గుసగుసలు.

"ఎవరక్కా?"

"మా పిన్ని కూతురు."

"మరి మొన్నొచ్చినావిడ?"

"ఆవిడా మా పిన్ని కూతురే. నీకెందుకురా?"

ఎంతమందిని కన్నదమ్మా ఆ మహాతల్లి, అని పీఏ గొణుక్కునేవాడు.

ఆ రోజు వెళ్ళింది పురుగుమందుల ఫ్యాక్టరీకి. నిరుడు అక్కడ గ్యాసు కారుతోందని నోరు విప్పినాయన్ని మర్నాడే గేటు బయటికి నెట్టారు. అప్పట్నుంచీ మేనేజరు అటు తిరిగితే తప్ప ఎవరూ దగ్గే సాహసం కూడా చేయడం లేదు. వెనక కాలువలో చేపలు మాత్రం ఎవరికీ భయపడకుండా చచ్చి తేలుతున్నాయి.

మేనేజరు షెడ్డంతా సెంటు కొట్టించి, పనివాళ్ళని వరసగా నిలబెట్టాడు. "చూడండి మేడమ్, మల్లెతోటలా లేదూ!"

పీఏ ఆ వరసకేసి చూశాడు. చివర్లో నిలబడింది ఎవరు? పొద్దున్న వంటింట్లో చూసిన పిన్ని కూతురు!

"అరె, మీరా! పొద్దున్న..." అంటుండగానే ముక్కక్క మడమ అతని కాలి బొటనవేలి మీద పడింది. పాపం, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పొద్దున్న ఏంటండీ?" మేనేజరు చటుక్కున తిరిగాడు.

వరస చివర ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడు వెలిగింది పీఏ బుర్ర. తన నోటి దురద ఆవిడ కూడు తీసేలా ఉంది.

"పొద్దున్న... పొద్దున్నుంచీ ఇలా నిలబడే ఉన్నారా అని!"

"పనిలో నిలబడక పడుకుంటారా?" అన్నాడు మేనేజరు. కళ్ళు మాత్రం ఆవిడ మీదే ఉన్నాయి.

ముక్కక్క గట్టిగా గాలి పీల్చింది. ముక్కు పైకెత్తి, మిషన్లన్నీ దాటుకుంటూ వెళ్ళి, మూలనున్న పాత గొట్టం దగ్గర ఆగింది. "ఇదిగో, ఇక్కడ కారుతోంది."

"ఎవరు చెప్పారు?"

"నా ముక్కు."

"ఈ సెంటులో ముక్కుకేం తెలుస్తుంది మేడమ్! వీళ్ళలోనే ఎవరో మీకు కబురు మోశారు. తేలనివ్వండి, సాయంత్రానికి గేటు బయటే." మేనేజరుకి పంతం పట్టుకుంది. మూతపెట్టిన సీసాలు రెండు తెప్పించాడు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో మందు. చూడ్డానికి రెండూ ఒకటే. "ఏది ఏదో వాసన చూసి చెప్పండి. చెప్పలేకపోతే ఆ మోసినవాళ్ళని నేనే పట్టుకుంటాను."

ముక్కక్కకి ఇదో లెక్కా అనుకున్నాడు పీఏ. అంతలోనే పొద్దున్న మాడిన పాలతో పెట్టిన టీ ఆవిడ వాసన చూసి, "కమ్మగా ఉందిరా" అని తాగిన సంగతి గుర్తొచ్చింది.

"మూతలు మీరే తీసివ్వండి," అంది ముక్కక్క తాపీగా.

మేనేజరు మొదటి సీసా మూత తీసి టక్కున అందించాడు. రెండోదానికి మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, చేయి చాచినంత దూరంలో పట్టుకున్నాడు. ముక్కక్క రెండింటినీ తన పద్ధతిలో వాసన చూసింది.

"రెండోది మందు," అంది ముక్కక్క. "ఒక్క క్షణం మీరు పీల్చలేనిదాన్ని వీళ్ళు రోజంతా పీలుస్తున్నారు. గొట్టం మార్చేదాకా షెడ్డు మూసేయండి. జీతాలు మాత్రం ఆగాయో, మళ్ళీ వస్తాను."

మేనేజరు తెల్లమొహం వేశాడు. వరస చివర ఆవిడ అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

కారెక్కాక పీఏ ఇక ఉండబట్టలేకపోయాడు. "అక్కా, నిజం చెప్పండి. మీకు వాసన తెలుస్తుందా?"

"ఎప్పుడో ఆ రంగుల షెడ్డులోనే పోయిందిరా. ఇప్పుడు నాకు గులాబీ అయినా, గుర్రపు లద్దె అయినా ఒకటే."

"మరి ఈ వాసన చూడ్డమేంటి?"

"ఎవరు చెప్పారని అడుగుతారుగా! మనిషి చెప్పాడంటే మనిషిని తీసేస్తారు. ముక్కు చెప్పిందంటే ఏం చేస్తారు, కోస్తారా? ఒక్క ఫ్యాక్టరీలోనే చూస్తే అనుమానపడరూ? అందుకే అన్నీ చూస్తా."

పీఏ బొటనవేలు నిమురుకున్నాడు. ఇన్నాళ్ళూ విసుక్కున్నందుకు సిగ్గేసింది.

"అయితే అక్కా... మీ పిన్ని?"

"మా అమ్మకి చెల్లెళ్ళెక్కడున్నార్రా!"

మర్నాడు వంటింటి గుమ్మంలో తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే ఓ ముసలాయన బెరుగ్గా నిలబడ్డాడు. ముక్కక్కకి తండ్రి వయసుంటుంది. పీఏ ఎవరని అడగలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, లోపలికి కేకేశాడు.

"అక్కా! మీ పిన్ని కొడుకొచ్చాడు!"