తువ్వాల మీది జీడి గుర్తు

నా చిన్నప్పుడు మా పెద్దవ్వ ముఖం ఒకసారి ఎర్రగా కమిలి, కళ్లు మూసుకుపోయేంతగా వాచింది. ఎందుకు వాచిందో నాకు తెలుసు. అందరూ తలొక మాట అంటుంటే వింటూ నిలబడ్డాను తప్ప నోరు విప్పలేదు. ఆనాటి నా మౌనం వల్ల ఆమె మీద పడిన నింద ఆమె ముసలితనం దాకా వెంట వచ్చింది. దాన్ని దులపాల్సినవాణ్ని నేనే. అయినా చాలా ఏళ్లు ఆ పని చేయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది మెట్‌పల్లిలో సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటారు. మా నాన్న, అంటే బాపు, ఆయన అన్న పెద్దబాపు కలిసి వెనక రేకుల షెడ్డులో సాంచాలు నడిపేవారు. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టేది. పెద్దబాపు భార్య మా పెద్దవ్వ మాత్రం మగవాళ్లతో సమానంగా షెడ్డులో నిలబడేది. ఆమెకు పిల్లలు లేరు. ఆ లోటు ఆమెకు ఎంత ఉండేదో తెలియదు గానీ, నాకు మాత్రం ఇద్దరు తల్లులున్నట్టే ఉండేది. బడి నుంచి రాగానే సంచీ ఒక మూలకు విసిరి షెడ్డులోకి పరిగెత్తేవాణ్ని. ఆ చప్పుడులో మాట వినిపించదు కనుక ఆమె కళ్లతోనే పలకరించి, కొంగున మూటగట్టిన గుడాలు నా దోసిట్లో పోసేది. ఉడకబెట్టిన బొబ్బర్లకు ఉల్లిగడ్డ, పచ్చిమిరప తగిలించి ఆమె చేసే గుడాల రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మా సాంచాల మీద నేసేవి తువ్వాలలు. ఇంట్లో అందరం వాడేవీ అవే. ఎర్ర అంచు, తెల్లటి బట్ట, అన్నీ ఒక్కతీరు. నాదంటూ ఒకటి ఉండాలని ఆ ఎండాకాలం నాకు బుద్ధి పుట్టింది. మా బట్టలు ఉతికే మామ ఇంటికి వెళ్తే, ఆయన ఏ ఇంటి బట్ట ఏదో తెలిసేలా మూలన నల్లగా గుర్తులు పెడుతున్నాడు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో గీసి, మీద సున్నం అద్దుతున్నాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోదు. నేను దగ్గరికి జరిగేసరికి మోచేత్తో వెనక్కి నెట్టాడు.

"దూరముండు అల్లుడా. వేలికంటితే పొంగుతది. నా తోలంటే మొద్దువారింది, నీది లేత తోలు."

ఆయన ఉడుకుతున్న బట్టల బాన దగ్గరికి లేచిపోగానే ఒక గింజ జేబులో వేసుకుని వచ్చేశాను.

దండెం మీద ఆరిన తువ్వాలల్లో మెత్తటిది ఏరుకుని, దాని నడుమ నా పేరులోని మొదటి అక్షరం రాశాను. మామ చుక్కంత పెట్టేవాడు. నేను అరచేయంత రాశాను. రసం అక్కడక్కడ ముద్దగా నిలిచింది. సున్నం సంగతి గుర్తే లేదు. ఎవరి కంటా పడకుండా మడతపెట్టి మళ్లీ దండెం మీదే వేసి, గోలీలాటకు వెళ్లిపోయాను. పొద్దుగూకే వేళ పెద్దవ్వ షెడ్డులోంచి వచ్చి, ముఖం కడుక్కుని, ఎప్పటిలాగే దండెం మీంచి చేతికందిన తువ్వాల లాగి గట్టిగా తుడుచుకుంది. అది నా తువ్వాల.

మరునాడు పొద్దున్నే ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. రేకుల షెడ్డు కదా, ఎండదెబ్బ అన్నారు. సాయంత్రానికి దురద మొదలైంది. నిన్నటి వంకాయ పడలేదేమో అని అవ్వ అంది. తెల్లవారేసరికి ముఖమంతా కందిపోయి, చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, ఒక కన్ను సగం మూసుకుంది. అదే రోజు నా చూపుడువేలి కొసన కూడా ఒక పొక్కు లేచింది. మామ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తువ్వాలను తీసుకెళ్లి షెడ్డులో తెగిన దారాల బస్తా అడుగున దాచేశాను.

ఇంతలో వాడకట్టు ఆడవాళ్లు వచ్చి చూసి, తల్లి పోసిందని తేల్చేశారు. అమ్మవారు పోస్తే మా దగ్గర దవాఖానకు తీసుకుపోయేవారు కాదు. సూది వేయిస్తే తల్లికి కోపం వస్తుందని భయం. గుమ్మానికి వేపమండలు కట్టారు, పొయ్యి మీద తాలింపు మానేశారు, పెద్దవ్వను చీకటి అర్రలో చాప మీద పడుకోబెట్టారు. నన్ను ఆ గది గడప తొక్కనివ్వలేదు. మనసులో ఒక మూల అది నిజంగా తల్లే అయితే బాగుండునని మొక్కుకున్నాను. తల్లి అయితే తప్పు నాది కాదు కదా.

మా పక్కింటి అక్క అప్పుడు కరీంనగర్‌లో నర్సు పని నేర్చుకుంటూ సెలవులకు వచ్చి ఉంది. సంగతి విని, ఎవరు వద్దన్నా వినకుండా లోపలికి వెళ్లింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"అత్తా, ముందుగాల జరమచ్చిందా, ముఖమే ఎర్రగైందా?"

"ముఖమే బిడ్డా. జరం లేకుండె."

"దురద ఉన్నదా, నొప్పి ఉన్నదా?"

"గోరుతోని గీకి తీసేద్దామన్నంత దురద."

"కడుపు మీద, వీపు మీద ఏమన్న లేసినయా?"

"ఏం లెవ్వు. ముఖం, మెడ, గంతే."

అక్క బయటికి వచ్చి మా అవ్వతో, "తల్లి పోస్తే ఒళ్లంతా పోస్తది గదా చిన్నత్తా. తువ్వాలతోని తుడుసుకున్న కాడ్నే పోస్తదా?" అంది. నవ్వుతూ అన్న మాటే గానీ, నేను పొక్కు లేచిన వేలిని పిడికిట్లో దాచుకున్నాను. తర్వాత నవ్వు తగ్గించి చెప్పింది. "ఏం తాకిందో ఏమో. గాని వాపు కండ్ల మీదికచ్చింది, నీళ్లు కారుతున్నయ్. కండ్లు మూతవడ్డా, పెదవులు వాసినా, ఊపిరి తిప్పలైనా ఇంట్ల పెట్టుకోవద్దు. ఇయ్యాల్నే తీస్కపోవాలె."

"సూది ఏపిస్తే తల్లికి కోపమస్తది పిల్లా. నీకేం, రేపు నువ్వు కరీంనగర్ పోతవ్" అంది గుమ్మంలో కూర్చున్న ముసలామె.

"కోపమస్తే నా మీదికి రమ్మను. తల్లిని సూసి మొక్కాలన్నా అత్తకు కండ్లుండాలె గదా."

పెద్దబాపు లేచి రిక్షా పిలుచుకొచ్చాడు.

అప్పటికి పెద్దవ్వకు రెండు కళ్లూ కనిపించడం లేదు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నన్ను రమ్మంది. రిక్షాలో నా అరచేయి ఆమె అరచేతిలో ఉంది. కాసేపటికి ఆమె వేళ్లు నా చూపుడువేలి కొసన ఆగాయి. అక్కడి పొక్కును తడిమాయి. ఒకసారి కాదు, మళ్లీ తడిమాయి. నేను రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాను.

సర్కారు దవాఖానలో డాక్టరు టార్చి వేసి చూసి, ముఖానికి ఏదో అంటిందని చెప్పాడు. ముఖం ఎర్రబడటానికి సవాలక్ష కారణాలుంటాయని, ఏం తాకిందో చెప్పకపోతే తాను చీకట్లో రాయి విసిరినట్టేనని అన్నాడు. తర్వాత, "జీడి గిట్ల ముట్టినవా అమ్మా?" అని అడిగాడు.

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని గట్టిగా నొక్కింది.

"ముట్టిన సారూ. నేనే ముట్టిన. మర్సిపోయి అదే చెయ్యి ముఖానికి పెట్టుకున్న."

వెంటనే సూది వేశారు, మాత్రలు, పూతమందు ఇచ్చారు. కొన్నాళ్లకు వాపు తీసి ఆమె కళ్లు తెరిచింది. ఒక రోజు ఆలస్యమైతే కంటికే ముప్పు వచ్చేదని పక్కింటి అక్క తర్వాత చెప్పింది. చూపు దక్కింది గానీ, కుడిచెంప మీద నల్లటి మచ్చ నిలిచిపోయింది.

ఇంటికి వచ్చిన సాయంత్రం పెద్దవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నా వేలికి పూతమందు రాస్తూ, "కొడుకా, డాకుటరు అడిగినప్పుడు ఏం తాకిందో దాయొద్దు. పాణం మీదికస్తది" అంది. అంతే. ఆమె ఏం తాకిందో దాచలేదు, తెచ్చినవాణ్ని మాత్రం దాచింది. అంత తేడా అర్థం చేసుకునే వయసు కాదు నాది. దెబ్బలు తప్పాయని సంతోషించాను.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. జీడి ముట్టానన్న ఆమె మాట దవాఖాన నుంచి వాడకట్టు దాకా పాకింది. పిల్లలు లేని ఆడమనిషికి జీడిగింజతో ఏం పని అని వాడకట్టులో ఒకరు అడిగారు. మా దగ్గర జీడిగింజను దిష్టికి కడతారు, మంత్రాలకూ వాడతారని చెప్పుకుంటారు. యారాలి, అంటే తోడికోడలి, పిల్లల మీద కన్నుపడి ఏదో చేయబోయిందని, అది తన ముఖానికే తిరిగి కొట్టిందని మాట పుట్టింది. చెంప మీది మచ్చ ఆ మాటకు సాక్ష్యమైంది. మా అవ్వ చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. నాకూ నా చిన్న చెల్లెకూ మెడలో తాయెత్తు కట్టించింది. "ఆమె చేతిది ఏం తినకుర్రి" అంది. పెద్దవ్వ కొంగున గుడాలు మూటగట్టుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడితే, చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ని. కొన్నాళ్లకు ఆమె మూట కట్టడం మానేసింది. ఏడాది తిరక్కముందే పొయ్యిలు వేరయ్యాయి, సాంచాలు పంచుకున్నారు, వాకిట్లో గోడ లేచింది.

ఆమె ఒక్క మాట అంటే అన్నీ ఆగిపోయేవి. ఆమె అనలేదు. నేను మొదట బాపు దెబ్బలకు భయపడి అనలేదు, పెద్దయ్యాక సిగ్గుపడి అనలేదు, తర్వాత ఇక అది అలవాటైపోయింది.

ఇప్పుడు నాకు కరీంనగర్‌లో చిన్న మందుల దుకాణం ఉంది. ముఖం ఎర్రబడిందని ట్యూబు అడిగేవాళ్లు రోజూ వస్తారు. వెంటనే ఇవ్వను, పక్కింటి అక్కలాగా ప్రశ్నలు వేస్తాను. ఎండకు, వేడి చాయ్‌కు, కారానికి చెంపలు ఎర్రబడి ఆ ఎరుపు తగ్గకుండా నిలిచిపోయినవాళ్లు కొందరుంటారు. తాగుతారని లోకం వాళ్లను ఊరికే అనుమానిస్తుంది. జుట్టుకు రంగు వేసుకుని పడనివాళ్లుంటారు. ఒకే చెంప వేడిగా, నొప్పిగా, జ్వరంతో వస్తే ఆ పూటే దవాఖానకు పొమ్మంటాను. ముక్కు మీదుగా రెండు చెంపలకూ ఎరుపు పాకి, కీళ్ల నొప్పులు, నీరసం కూడా ఉంటే అది చర్మంతో పోయేది కాదని, పెద్ద డాక్టరుకు చూపించమని చెబుతాను. చిన్నదాన్ని పెద్దది చేస్తావని వాళ్లు విసుక్కుంటారు.

మొన్నామధ్య ఒక కొత్త కోడలు వచ్చింది. ముఖం మండిపోతున్నట్టుంది. ఏం రాశావంటే ఏం లేదంది. పక్కనున్న అత్త దూరం జరిగాక మెల్లగా చెప్పింది, తెల్లగా అవుతావని ఎవరో ఇచ్చిన ట్యూబు నెలల తరబడి రాసిందట.

"మా అత్తకు చెప్పకుర్రి అన్నా. నా మీద కోపం జేస్తది."

"మీ అత్తకు చెప్పను. డాక్టరుకు మాత్రం నువ్వే చెప్పాలె బిడ్డా, ఏం రాసినవో దాయొద్దు" అన్నాను. నా నోటి నుంచి వచ్చినవి పెద్దవ్వ మాటలు. ఆ పిల్ల వెళ్లాక చాలాసేపు కౌంటరు ముందు ఎవరు నిలబడ్డా నాకు కనిపించలేదు.

ఆ ఆదివారం మెట్‌పల్లి వెళ్లాను. పెద్దబాపు పోయాక పెద్దవ్వ తన తమ్ముడి కూతురి దగ్గర ఉంటోంది. చెంప మీది మచ్చ ముడతల్లో కలిసిపోయింది. ఆమె పక్కన కూర్చుని, "పెద్దవ్వా, ఆ జీడి నేను తెచ్చిన" అన్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్ కొడుకా. నాకెరుకనే" అంది. "మీ అవ్వకు చెప్పు."

మరుసటి ఆదివారం నా దగ్గరే ఉంటున్న మా అవ్వను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ ఇద్దరు తోడికోడళ్లు పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడటమే గానీ ఒక గడపలో కూర్చుని ఎన్నేళ్లయిందో. తమ్ముడి కూతురు, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనిపించింది. నింద పడినప్పుడు వాడకట్టంతా ఉంది కదా అనుకుని అందరి ముందే చెప్పాను. గింజ ఎక్కడ తీశానో, తువ్వాల మీద ఎలా రాశానో, ఏ బస్తాలో దాచానో, దవాఖానలో నా చెయ్యి ఎవరి చేతిలో ఉందో చెప్పాను.

అవ్వ నా వైపు చూడలేదు. పెద్దవ్వ చెంప వైపే చూస్తూ ఉండిపోయింది. నడుమ పళ్లెంలో గుడాలున్నాయి. మేము వస్తున్నామని పెద్దవ్వే చేయించిందట. కానీ తినమని ఎవరినీ అనలేదు. అవ్వ చెయ్యి చాచి గుప్పెడు గుడాలు తీసుకుని నోట్లో వేసుకుంది. నమలలేక నమిలింది.

"ఉప్పు తక్కువైందక్కా" అంది.

"నీకెప్పుడూ తక్కువనే" అంది పెద్దవ్వ.

నేను పెద్దవ్వ చెయ్యి అందుకున్నాను. ఆమె వేళ్లు అలవాటుగా నా చూపుడువేలి కొసన ఆగాయి.

"తప్పైంది పెద్దవ్వా" అన్నాను.